కూర్చోవచ్చని చెప్పిన కొట్టులో

నేను ఒక స్టూలును. చీరల కొట్టులో, కౌంటరుకు లోపలి వైపు, చీరలు చూపించే మనిషి వెనకాల ఉండే మామూలు చెక్క స్టూలును. కొనడానికి వచ్చేవాళ్ళకు నేను కనపడను. వాళ్ళకోసం మెత్తటి కుర్చీలు వేరే ఉన్నాయి. ఒక ఆడమనిషి నా మీద కూర్చోవడానికి ఎంత కష్టపడిందో చెప్పడమే నా కథ. కూర్చోవడానికి కష్టపడటమేమిటని మీరు నవ్వుతారేమో. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను.

నేను పుట్టింది రాజమండ్రిలో, ఒక టింబరు డిపో వెనక రేకుల షెడ్డులో. నా ఒళ్ళు నిద్రగన్నేరు చెక్క. బ్రహ్మానందాచారి అనే వడ్రంగి నన్ను చిత్రిక పట్టి, నాలుగు కాళ్ళు బిగించి, పాదాలు ఆనించుకోవడానికి కింద ఒక అడ్డపట్టీ కొట్టాడు. నాతోపాటు నాలాంటివే మరికొన్ని తయారయ్యాయి. ఎత్తు చూసుకోవడానికి ఆచారి తన కొడుకును నా మీద కూర్చోబెట్టాడు. నిజంగా కూర్చోవలసినవాళ్ళు మాత్రం ఒక్కరూ రాలేదు. వాళ్ళను ఎవరూ పిలవలేదు.

మమ్మల్ని చేయించినావిడ పేరు హైమావతి. మెయిన్ రోడ్డులో మూడంతస్తుల చీరల కొట్టు వాళ్ళది. దాన్ని పెంచి పెద్దచేసిన మామగారు వయసు మీదపడి ఇంటిపట్టున ఉండిపోయాక, భర్త సరుకు కోసం ఊళ్ళు తిరుగుతుంటే, కొట్టు చూసుకోవడం ఆమె వంతయింది. ఆ ఏడు దసరా రద్దీలో ఇద్దరు అమ్మాయిలు పనిలోకి రాకపోతే, హైమావతి తనే కౌంటరు వెనక నిలబడి పొద్దుటినుంచి చీరలు చూపించింది. సాయంత్రమయ్యేసరికి ఆమె పాదాలు చెప్పుల్లో పట్టలేదు. కారు ఎక్కబోతూ ఆగి, అద్దాల తలుపుల్లోంచి లోపల ఇంకా నిలబడే ఉన్న ఆడవాళ్ళను చాలాసేపు చూసిందట. డ్రైవరు ఈ సంగతి తరవాత అందరికీ చెప్పాడు. మేం పుట్టడానికి కారణం ఆ చూపే.

మంచి రోజు చూసి మమ్మల్ని కొట్టుకు తెచ్చారు. పసుపు బొట్లు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. హైమావతి అందరినీ పిలిచి, ఇకనుంచి బేరం లేనప్పుడు కూర్చోండి, బేరం ఉన్నా వీలైతే కూర్చునే చూపించండి, మీ ఆరోగ్యాలు నాకు ముఖ్యం అని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. కొందరి కళ్ళు చెమ్మగిల్లాయి కూడా. ఆ తరవాత అందరూ కౌంటర్ల వెనక్కి వెళ్ళి, ఎప్పటిలాగే నిలబడ్డారు.

నన్ను పెట్టింది మొదటి అంతస్తులో పట్టుచీరల కౌంటరు దగ్గర. అక్కడి మనిషి సుగుణ. ధవళేశ్వరం నుంచి షేరాటోలో వస్తుంది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ కొట్టులో ఉంది. పెళ్ళిచీర అంటే సుగుణ చూపించాల్సిందేనని గోదావరి అవతలనుంచి కూడా వచ్చేవారు. చీరను ఒక్క విసురుతో పరిస్తే అంచు గీత గీసినట్టు పడేది. ఆమె నన్ను ఒకసారి చేత్తో తడిమింది, బాగుందంది. తరవాత నా మీద ధర్మవరం చీరల బొత్తి పెట్టింది. మర్నాడు మంచినీళ్ళ సీసా, ఆ మర్నాడు అన్నం క్యారేజీ. నన్ను గోడవైపు కొంచెం కొంచెంగా జరుపుతూ పోయింది. పక్క కౌంటరులో నా తోడబుట్టినదాని మీద చిన్న వినాయకుడి బొమ్మ వెలిసింది. ఇక దానిమీద కూర్చోవడమంటే పాపమే.

హైమావతి కొన్నాళ్ళు ఓపిక పట్టింది. తరవాత గోడలకు 'దయచేసి కూర్చోండి' అని స్టిక్కర్లు అంటించింది. మైకులో చెప్పించింది. చివరకు ఆ భారం గణపతిరావు మీద పెట్టింది.

గణపతిరావు మా అంతస్తు సూపర్‌వైజరు. తెల్ల చొక్కా, కిర్రుమనే తోలు చెప్పులు, మాట తక్కువ. ఆయన ఎవరినీ తిట్టగా నేను వినలేదు. ఒక కనుబొమ్మ కాస్త పైకి లేస్తే చాలు, ఎదుటివాళ్ళు చీర మడత సరిచేసుకునేవారు. ఎన్నో ఏళ్ళుగా ఆ చెప్పుల చప్పుడు వింటే నిటారుగా నిలబడటం అలవాటైన ఆడవాళ్ళ దగ్గరకు, ఇప్పుడు ఆయనే వచ్చి కూర్చోమని చెప్పాలి. చెప్పాడు. "కూచోండమ్మా, మేడమ్ గారు చూస్తారు" అన్నాడు. కూర్చున్నారు. బడిలో ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు పిల్లలు కూర్చున్నట్టు, వెన్ను నిలబెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆయన చెప్పుల చప్పుడు మెట్లు దిగగానే లేచి నిలబడి ఊపిరి పీల్చుకున్నారు. మనుషులు యజమాని చూడనప్పుడు కూర్చుంటారని విన్నాను. యజమాని చూడనప్పుడు నిలబడేవాళ్ళను అక్కడే చూశాను.

ఇంతకూ ఆ కొట్టులో కూర్చోకూడదని ఎవరూ ఎప్పుడూ నియమం పెట్టలేదు. సుగుణ చేరిన కొత్తల్లో మంగతాయారని ఆమె ఈడు పిల్ల ఒకతె ఉండేదట. జ్వరంతో పనిలోకి వచ్చి, కళ్ళు తిరిగి ఒక అట్టపెట్టె మీద కూర్చుంది. అదే సమయానికి పెద్దాయన, అంటే హైమావతి మామగారు, మెట్లెక్కి వచ్చారు. ఆయన ఒక్క మాట అనలేదు. మర్నాటినుంచి మంగతాయారు కొట్టులో లేదు. ఎందుకు లేదో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అందరికీ అర్థమైపోయింది. నోటితో పెట్టిన నియమమైతే నోటితో తీసెయ్యొచ్చు. ఇది వాళ్ళ మోకాళ్ళలోకి వెళ్ళి కూర్చుంది.

ఆ సమయంలోనే కడియం నుంచి ప్రశాంతి అనే పిల్ల కొత్తగా పనిలో చేరింది. పూలమొక్కల తోటల్లో పెరిగిన పిల్ల, నవ్వు మొహం. సుగుణకు సాయంగా మా కౌంటరులోనే వేశారు. పిల్లకు పాత సంగతులేవీ తెలియవు. మొదటిరోజే నా మీద ఉన్న క్యారేజీ తీసి కింద పెట్టి, హాయిగా కూర్చుంది. కొట్టుకు వచ్చిన ఇన్నాళ్ళకు నా మీద ఒక మనిషి బరువు నిండుగా పడింది. ఆ సంతోషం సగం పూటే. మధ్యాహ్నం ఒక పెద్దావిడ కూతురితో వచ్చింది. ప్రశాంతి కూర్చునే నవ్వుతూ, ఏం చూపించమంటారని అడిగింది. ఆవిడ మొహం ముడుచుకుని, "మేం నుంచుని అడుగుతుంటే ఈ పిల్ల లేవదేంటి" అని పక్క కౌంటరుకు వెళ్ళిపోయింది. గణపతిరావు దూరంనుంచి చూశాడు. ఏమీ అనలేదు. కనుబొమ్మ లేచింది, అంతే. ఆ కనుబొమ్మకు హైమావతి చెప్పిన మాటలేవీ ఇంకా అందినట్టు లేదు.

భోజనాల వేళ సుగుణ ప్రశాంతిని పక్కకు పిలిచి నచ్చచెప్పింది. కోప్పడలేదు, తల్లి చెప్పినట్టే చెప్పింది. అమ్మగారు మంచావిడే, అన్నదని మనం కూర్చోకూడదు, ఇక్కడ ఎలా ఉండాలో నేను నేర్పుతానంది. నేర్పింది కూడా. బరువంతా ఒక కాలిమీద వేసి రెండో కాలికి సెలవివ్వాలి. కౌంటరు అంచుకు తుంటి ఆనించాలి, ఆనించినట్టు కనపడకూడదు. చీర పరిచేటప్పుడు బాగా ముందుకు వంగితే నడుముకు కాస్త విశ్రాంతి. ఇవన్నీ సుగుణ ఎవరూ చెప్పకుండా తనంతట తాను కనిపెట్టుకున్నవి. ఎన్ని బ్యాచ్‌ల ఆడపిల్లలకు నేర్పిందో. ప్రశాంతి బుద్ధిగా నేర్చుకుంది. క్యారేజీ మళ్ళీ నా మీదకు వచ్చింది.

హైమావతికి బాధ వేసింది. తర్వాత కోపం వచ్చింది. వీళ్ళ మంచికోసం చేస్తే వీళ్ళకే పట్టదు, మార్చాలనుకోవడం నాదే పిచ్చితనం అని గణపతిరావుతో అంది. స్టూళ్ళన్నీ గోడౌనులో పడేయించమని చెప్పింది. ఆయన సరేనన్నాడు. కానీ ఆ వారం లారీ సరుకు దిగుతోంది, గోడౌనులో చోటు లేదు. అలా మాకు నాలుగు రోజులు ఆయుష్షు దొరికింది.

అది మూఢం. పెళ్ళిళ్ళు లేవు, కొట్టులో మనుషులు లేరు. హైమావతి మా అంతస్తుకు వచ్చింది. ప్రశాంతి కింద సరుకు దింపడానికి వెళ్ళింది. సుగుణ ఒక్కతే నిలబడి, మడత నలగని చీరలను మళ్ళీ మడత పెడుతోంది. హైమావతి కౌంటరుకు అవతల కొనేవాళ్ళ కుర్చీలో కూర్చుని, ఈసారి చెప్పడం మానేసి అడిగింది. "కోపంతో అడగట్లేదు సుగుణా. ఎందుకు కూచోరో నాకు నిజంగా తెలీడం లేదు. చెప్పవా?"

సుగుణ చీర మడత పూర్తిచేసి పక్కన పెట్టింది. మంగతాయారు సంగతి చెబుతుందనుకున్నాను. చెప్పింది, కానీ చాలా తేలిగ్గా, ఎప్పటిదో అన్నట్టు. ఆ తరవాత గొంతు మారింది.

"భయం ఎప్పుడో పోయిందండి. మీరు మంచికే పెట్టారని నాకు తెలుసు. కూచోవాలని నాకూ ఉంటాదండి. కానీ ఇరవై ఏళ్ళు నుంచున్నాను. ఎంత కాళ్ళు లాగినా సుగుణ కూచోదు అని నలుగురూ అనుకునేవారు, అదే నా పనితనం అనుకున్నాను. ఇప్పుడు కూచోవచ్చంటే, అప్పుడూ కూచోవచ్చన్నమాటే కదండి. మరి ఇన్నేళ్ళూ నేనెందుకు నుంచున్నట్టండి?"

హైమావతి చదువుకున్న మనిషి, ఏదో ఒకటి చెప్పి ఊరడించగలదు. చెప్పలేదు. "నాకు తెలీదు సుగుణా" అంది. ఆ మాట నాకు ఆమె మైకులో చెప్పినవాటన్నిటికంటే బాగుంది. లేచి వెళ్ళేటప్పుడు కౌంటరు మీద ఉన్న సుగుణ చేతిని ఒకసారి పట్టుకుని వదిలింది. స్టూళ్ళు తీయించమన్న మాట మళ్ళీ ఎత్తలేదు. కూర్చోమన్న మాటా ఎత్తలేదు. స్టిక్కర్లు ఒక్కొక్కటే ఊడిపోతే మళ్ళీ అంటించలేదు.

ఇక్కడితో నా కథ ఇంతే అనుకున్నాను. ఈలోగా సుగుణ కాలు సంగతి బయటపడింది.

ఆమె ఎడమ మడమ పైన నరాలు తాళ్ళలా ఉబ్బి ఉండేవి. చీర కుచ్చిళ్ళు కిందికి దించి కట్టేది కాబట్టి ఎవరికీ తెలియదు. నేను నేలకు దగ్గరగా ఉంటాను కాబట్టి నాకు తెలుసు. కొంతకాలంగా అక్కడ చిన్న పుండు పడి మానడం లేదు. గుడ్డ చుట్టుకుని వచ్చేది. ఒక మధ్యాహ్నం పై అరలోని పెట్టె అందుకోబోయి కాలు కౌంటరు మూలకు తగిలింది. నొప్పికి కళ్ళు మూసుకుని అలాగే నిలబడింది. ప్రశాంతి వంగి కుచ్చిళ్ళు పైకెత్తి చూసింది. గుడ్డ తడిసి పాదం మీదకు నెత్తురు కారుతోంది.

పిల్ల తన చున్నీ చింపి కట్టు కట్టింది. సుగుణ తల నిమిరి, ఏమీ కాదులే, పాతదేనంది. తరవాత ఏమనుకుందో, "నువ్వు మాత్రం ఇలా చేసుకోకే. కాళ్ళు లాగితే కూచో" అంది.

ప్రశాంతి నేలమీదే కూర్చుని తలెత్తి చూసింది. "ఎలా కూచోనక్కా, మీరు నుంచునుంటే?"

సుగుణ ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఆమె మనసులో ఏం జరిగిందో నాకు తెలియదు. అయితే ఆమె చేతుల్లో ఏం జరిగిందో చూశాను. అన్నం క్యారేజీ తీసి కింద పెట్టింది. నీళ్ళ సీసా తీసింది. నన్ను గోడ దగ్గరనుంచి కౌంటరు దాకా ఈడ్చింది. కూర్చుంది.

సగమే కూర్చుంది. మిగతా సగం బరువు ఇంకా కాళ్ళలోనే ఉంది, ఏ క్షణమైనా లేవడానికి సిద్ధంగా. తొడలు బిగుసుకుని ఉన్నాయి. తన శరీరాన్ని తనే బుజ్జగిస్తున్నట్టు కౌంటరు అంచు పట్టుకుంది. కాసేపటికి మంచి కాలు నా అడ్డపట్టీ మీదకు వచ్చింది. ఆ తరవాత నొప్పి కాలు. చివరకు ఆమె ఊపిరి ఒకటి వదిలింది. అప్పుడు మొత్తం బరువు నా మీద పడింది. ఎన్నాళ్ళ బరువో అది. నా కీళ్ళు కిర్రుమన్నాయి.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద ఇంకో కిర్రు వినిపించింది. గణపతిరావు చెప్పులు.

సుగుణ కాళ్ళు ఆమెను అడగకుండానే లేవబోయాయి. బరువు నామీదనుంచి తేలిపోవడం తెలిసింది. కింద కూర్చున్న ప్రశాంతి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. ఆపడానికి వేసిందో, ఆసరాకి వేసిందో. ఆ బరువు గాలిలో ఒక క్షణం ఆగి, మళ్ళీ మెల్లగా నా మీదకు దిగింది. గణపతిరావు కౌంటరు దగ్గరకు వచ్చి ఆగాడు. సుగుణ మొహం చూశాడు, కింద నెత్తుటి మరక చూశాడు. ఆయన కనుబొమ్మ కోసం నేను ఎదురుచూశాను. అది లేవలేదు.

"ఏ పెట్టె కావాలి?" అన్నాడు. సుగుణ పై అర వైపు చూపించింది. ఆయన లోపలికి వచ్చి, చెయ్యి చాచి, పెట్టె దించి ఆమె ముందు పెట్టాడు. వెళ్ళిపోతాడనుకుంటే వెళ్ళలేదు. చీరల వైపు చూస్తూ అన్నాడు, "పాత కొట్లో మేం తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూచునే అమ్మేవాళ్ళం సుగుణమ్మా. వచ్చినవాళ్ళూ పరుపు మీదే కూచునేవారు. ఈ అద్దాల కొట్టు కట్టాక లేచి నుంచున్నాం. ఎందుకు నుంచున్నామో నాకూ గుర్తులేదు."

ఇన్నేళ్ళలో ఆయన అంతసేపు మాట్లాడటం ఎవరూ వినలేదట.

ఆ తరవాత అంతా ఒక్కరోజులో మారిపోయిందని చెబితే నమ్మకండి. హైమావతి సుగుణను ఆస్పత్రిలో చూపించి, కొన్నాళ్ళు సెలవిచ్చి ఇంట్లో ఉంచింది. తిరిగి వచ్చాక కూడా సుగుణ రోజులో సగం పూట మరిచిపోయి నిలబడే ఉండేది. ప్రశాంతి కళ్ళతో గుర్తుచేస్తే సిగ్గుపడి కూర్చునేది. ఒకావిడ, లేవని మనిషి దగ్గర నేను కొననంటూ వెళ్ళిపోయింది. ఆవిడ మెట్లు దిగేదాకా సుగుణ కౌంటరు అంచు పట్టుకునే ఉంది. దిగిపోయింది. కొంపేం మునగలేదు. మరుసటి బేరానికి వచ్చిన తణుకు వాళ్ళు, చీరలు చూస్తూ చూస్తూ ఇంటి సంగతుల్లోకి వెళ్ళి, పెళ్ళికొడుకు మేనత్తల దగ్గరనుంచి అందరికీ చీరలు తీసుకుని వెళ్ళారు. కూర్చున్న మనిషికీ కూర్చున్న మనిషికీ మధ్య మాట సులువుగా నడుస్తుందని నాకు ఆ రోజు తెలిసింది.

సుగుణ మనసు కుదుటపడింది మాత్రం కూర్చోవడం ఒక పనిగా మారాకే. కూర్చుని చీర పరిస్తే ఒక్క విసురుకు అంచు తిన్నగా పడేది కాదు. ఆమెకది తలవంపుగా తోచింది. బేరాల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా నన్ను ముందుకూ వెనక్కూ జరుపుకుంటూ, మణికట్టు తిప్పడం మార్చుకుంటూ, పాత చీర ఒకటి పదేపదే విసిరింది. ఒకరోజు అంచు గీత గీసినట్టు పడింది. ప్రశాంతి చప్పట్లు కొట్టింది. సుగుణ నవ్వుతూ, ఇలా రా, నీకు నేర్పుతానంది. అప్పటినుంచి పక్క కౌంటర్ల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చూసి వెళ్ళారు. వినాయకుడి బొమ్మకు గోడమీద చిన్న అర కొట్టించారు. గణపతిరావు తన బల్ల దగ్గరకు గోడౌనులోంచి ఒక పాత కుర్చీ తెచ్చుకున్నాడు. మొదట్లో దాని అంచుమీదే కూర్చునేవాడు.

హైమావతి ఇవన్నీ చూసింది. చూసినట్టు కనపడలేదు. ఆమె నేర్చుకున్నది అదేననుకుంటాను.

ఏళ్ళు గడిచాయి. నా ఒక కాలు విరిగితే వేరే చెక్కతో అతికించారు. రంగు కలవదు. నా పైభాగం రాసుకుని రాసుకుని నున్నగా తేలింది. ప్రశాంతికి పెళ్ళయింది, ఇప్పుడు మంగళగిరి చీరల కౌంటరు ఆమెదే. సుగుణ జుట్టు నెరిసింది. ఈ ఏడుతో పని మానేస్తానంటోంది. ఆమె స్థానంలోకి హారిక అనే అమ్మాయిని తీసుకున్నారు.

నిన్న హారిక మొదటిరోజు. సుగుణ ఆమెకు అరలు చూపిస్తోంది. ఇంతలో ఒక కుటుంబం వచ్చి కుర్చీల్లో కూర్చుంది. హారిక ఎవరినీ అడగలేదు, ఎవరివైపూ చూడలేదు. నన్ను కాలితో దగ్గరకు లాక్కుని కూర్చుని, "చెప్పండమ్మా, ఎవరికండీ చీర?" అంది. అంత తేలిగ్గా, నేల మీద నీళ్ళు పరుచుకున్నంత మామూలుగా కూర్చుంది. నేనొకదాన్ని ఉన్నానన్న సంగతే ఆమె గమనించలేదు.

సుగుణ ఆ పిల్ల వైపు చూసింది. ఆ చూపులో కాస్త నొప్పి ఉందనే అనుకుంటున్నాను. చెప్పడానికి ఎంతో ఉంది కదా ఆమె దగ్గర. పట్టుచీరల పెట్టె ఒకటి దించి, కూర్చున్న పిల్ల చేతికి అందేంత దగ్గరగా జరిపింది.